వాకిట్లో అడుగుజాడ లేని దయ్యం

అనగనగా కాలవ గట్టున ఒక ఊరంట. ఊరి చివర మట్టిగోడల చర్చి, చర్చి వెనక నాలుగు గుడిసెలు. ఒరేయ్ ప్రకాశూ, కాళ్ళు ముడుచుకో, చిట్టికి చోటివ్వు. ఊఁ కొట్టండి మరి, లేకపోతే కథ నిద్రపోద్ది.

ఆ ఊళ్ళో రాహేలమ్మ అని ఒకావిడ. ఆవిడ నోరు తెరిస్తే చర్చి సంఘపెద్ద కూడా తలకి తువ్వాలు చుట్టుకుని జారుకునేవాడు. ఆవిడ కోడలు దీవెన, మాటలు తక్కువ, పని ఎక్కువ. పక్క గుడిసెలో శాంతమ్మ. పేరేమో శాంతమ్మ, నోరేమో నిప్పుల కుంపటి! రాహేలమ్మకీ ఈవిడకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటది. ఎందుకనుకున్నారు? ఒక్క గుమ్మడికాయ కోసం! పాదు వేరు రాహేలమ్మ దొడ్లో, కాయ కాసింది కంచె దాటి శాంతమ్మ దొడ్లో. నాదంటే నాదని కొట్టుకుని మాటలు మానేశారు. రాహేలు ఇంటి నీళ్ళు ముడితే ఒట్టని శాంతమ్మ, దాని గడప తొక్కినవాళ్ళు నా గడప తొక్కొద్దని రాహేలమ్మ. చర్చిలో ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్ళేనర్రా ఇద్దరూ!

కొన్నాళ్ళకి శాంతమ్మకి చూపు పోయింది. కాలికి పుండు లేచింది. అయినవాళ్ళు లేరు, ఆ నోటికి జడిసి కానివాళ్ళు రారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఊరంతా కునుకు తీస్తుంటే దీవెన గాజులకి గుడ్డ చుట్టుకుని, కంచె సందులోంచి దూరి వెళ్ళేది. కుండ నింపేది, పుండు కడిగేది, గంజి పోసేది, గడప తుడిచేది. నోట మాట లేదు. ఎవరో తెలిస్తే ముసలిది గంజి ముట్టదు కదా! ఆఖర్న చీపురు పట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిలి ఊడ్చుకుంటూ వచ్చేసేది. వచ్చిన జాడలన్నీ ఆ ఊడుపుతోనే పోయేవి. యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడని విన్నప్పటినించీ ఆ పిల్లకి ఆ పనంటే ఇష్టం. ఎవరూ మెచ్చుకోకపోయినా, తన వాటా గంజి అక్కడ పోసి వచ్చినా, కడుపు నిండినట్టే ఉండేది. అంత సంతోషం ఆ పిల్లకి ఇంకెక్కడా దొరకలేదు.

ఊఁ కొడుతున్నారా? ఇప్పుడే ఉంది అసలు సంగతి.

శాంతమ్మేమో దారిన పోయేవాళ్ళని కేకేసి, దేవదూత వస్తోందని చెప్పింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూస్తే కుండ నిండుంది, పుండు కడిగుంది, గంజి పోసుంది, గడప తుడిచుంది. వాకిట్లో ఒక్క అడుగుజాడ లేదు! ఇంకేముంది, మధ్యాహ్నపు దయ్యమన్నారు. ప్రార్థన చేసుకునేవాళ్ళకి దయ్యం భయమేంటంటావా చిట్టీ? భయానికి ఏ చర్చి అయితే ఏంటమ్మా! మర్నాడు శాంతమ్మ గుడిసెకి మిరపకాయల పొగ వేస్తామని, బయటికొచ్చినదాన్ని మొహం చూడకుండా కర్రలతో బాదేస్తామని సంఘపెద్ద చెప్పాడు. ముందు నేనే లోపలికి వెళ్తానని రాహేలమ్మ కొత్త చీపురు బిగించి కట్టింది. కట్టింది ఎవరి ఎదురుగా? కోడలి ఎదురుగానే! ఆ పిల్ల రెండువైపులా ఆలోచించింది. వెళ్తే ఒళ్ళు హూనం, పుట్టింటికి ప్రయాణం. వెళ్ళకపోతే ఎండకి ఆ పుండులో పురుగులు పడి ముసలిదాని కాలు పోద్ది.

వెళ్ళింది. కుండ నింపింది, పుండు కడుగుతోంది. అంతలో బయట కర్రల చప్పుడు. తలుపు సందుల్లోంచి ఘాటు పొగ. దగ్గొస్తే పైట నోట్లో కుక్కుకుంది. పరిగెత్తుదామంటే ముసలిదాని కాలు ఒళ్ళో ఉంది. తలుపు కిర్రుమంది. గుమ్మంలో చీపురెత్తి రాహేలమ్మ! దీవెన కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు. ముసలిది మాట్లాడుతోంది.

"దూతా, ఈ పొగేంటమ్మా, ఊపిరాడట్లేదు. నేను పోయేలోపు ప్రభువుకో మాట చెప్పు. ఆ గుమ్మడికాయ రాహేలుదే. నేనే మొండికేశాను."

దీవెన కళ్ళు తెరిచేసరికి అత్త చెయ్యి కిందికి దిగి ఉంది. కళ్ళలో నీళ్ళు. పొగవల్లో ఏమో, నాకేం తెలుసు! ఆవిడ గిరుక్కున తిరిగి గుమ్మం దాటింది.

"లోపల దయ్యం లేదు. ఉన్నదాన్ని కొట్టే చెయ్యి ఈ ఊళ్ళో ఎవడికీ లేదు. ఆ పొగార్పి పొండి!" అంది.

ఆవిడ నోటికి ఎదురేముంది? చక్కా పోయారు.

 అత్త పుట్టింటికి పొమ్మంటుందని ఆ రాత్రే ఆ పిల్ల బట్టలు మూటకట్టి పెట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం కుండ కోసం దొడ్లోకి వెళ్తే, అత్త అప్పటికే గంజి మూకుడు పట్టుకుని, గాజులకి గుడ్డ చుట్టుకుని కంచె దగ్గర నిలబడి ఉంది!

ఇద్దరూ వెళ్ళారు. కుండ ఒకరు నింపారు, పుండు ఒకరు కడిగారు. శాంతమ్మ ఆ కొత్త చెయ్యి పట్టుకుని తడిమింది. చిన్నప్పుడు తనూ రాహేలూ కలిసి కోతకి వెళ్ళినప్పుడు రాహేలు చేతికి పడిన కొడవలి గాటు వేలికి తగిలింది. చాలాసేపు వదల్లేదు.

"ఇవాళ ఇద్దరు దూతలొచ్చారే," అంది. గంజి ఆఖరి చుక్కదాకా తాగింది.

రాహేలమ్మ దయ్యాన్ని కొట్టడానికి కట్టిన కొత్త చీపురు తీసుకుంది. వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిలి ఊడ్చుకుంటూ కోడలి వెనకే వచ్చేసింది. శాంతమ్మ కాలు మానింది. ఆ ఏడు పాదుకి కాసిన గుమ్మడికాయ సగం అటు, సగం ఇటు పులుసైంది.

అందుకేరా, మంచిపని చేస్తే మన జాడ మనమే ఊడ్చుకోవాలి. చూసేవాడు ఎలాగూ చూస్తాడు.

కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.