కొరికిన విస్తళ్ళు

రండమ్మా, దగ్గరికి జరగండి. ముందు అందరికీ అన్నం పెట్టే ఆ స్వామికి ఓ దణ్ణం పెట్టుకోండి. పెట్టారా? వెనకాల గుసగుసలు ఆపండి మరి. ఈ కథ చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతుంది. మీకూ మండాలి.

అనగనగా ఒక అడవిలో, ఇంట్లో కూర్చుని ఆకులు కుట్టుకు బతికే ఆడవాళ్ళు ఉండేవారు. ఉడుత రత్తాలు, ఎలుక పోలమ్మ, కుందేలు సింహాద్రమ్మ. ఎవరి ఇంట్లో వాళ్ళు అడ్డాకుల్ని పుల్లలతో కలిపి విస్తళ్ళు కుట్టేవారు. ఒడిలో పిల్ల, చేతిలో ఆకు. గంజి పొంగితే దించడం, మళ్ళీ ఆకు పట్టడం.

ఆకులిచ్చి కుట్టించుకునేది నక్క. అందరూ 'మేస్త్రీ' అనేవారు. ఇంటింటికీ వచ్చి, కట్ట విప్పి, ఒక్కో విస్తరినీ ఎండకెత్తి చూసేవాడు.

"ఇది వంకర" అని ఒకటి పక్కన పడేసేవాడు.

"ఇందులో చిల్లు" అని ఇంకొకటి.

"ఇదీ ఒక కుట్టేనా రత్తాలూ? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అని మరొకటి.

పక్కన పడేసిన ప్రతిదాని అంచునీ పళ్ళతో కొరికేవాడు. ఎందుకంటే, "మళ్ళీ నాకే అంటగడతారు, మీ సంగతి నాకు తెలీదూ!" అనేవాడు. కొరికినవాటికి ఒక్క గింజ కూలి లేదు. పోనీ అక్కడే వదిలేసేవాడా? అబ్బే! "పొయ్యిలోకి పనికొస్తాయిలే" అంటూ అవీ సంచిలో వేసుకుపోయేవాడు.

రత్తాలు తల దించుకునేది. తప్పు తన చేతిదే అనుకునేది. ఆ పూట తను పస్తుండి పిల్లలకి పెట్టేది. "మేస్త్రీ ఏమన్నాడు వదినా?" అని పోలమ్మ అడిగితే, "ఏమంటాడు, బాగున్నాయన్నాడు" అని నవ్వేసేది. పని చేతకానిదని పేరొస్తే ఎంత నామోషీ! పోలమ్మా అలాగే చెప్పేది. సింహాద్రమ్మా అంతే. చూశారా, ముగ్గురి కడుపులూ మాడుతున్నాయి, ముగ్గురూ నవ్వుతున్నారు!

అంతలో కొండమీద వనదేవత తిరునాళ్ళు వచ్చాయి. అన్నసంతర్పణ! అడవంతా బంతులు తీరి కూర్చుంది. విస్తళ్ళు తెచ్చింది మన మేస్త్రీయే.

రత్తాలు ముందు విస్తరి పడింది. వేడివేడి పులిహోర పడింది. అమ్మవారిని తలుచుకుని చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది. విస్తరి అంచున పళ్ళ గాటు! పక్కదానికీ గాటు. ఎదురుగా ఎలుగుబంటి లొట్టలేసుకుంటూ తింటున్నదానికీ గాటు. వంకరా లేదు, చిల్లూ లేదు. చారు చుక్క కారడం లేదు.

నోరు తెరిస్తే రేపటినుంచి ఆకు రాదు. ఆకు రాకపోతే పిల్లలకి గంజి లేదు. అయినా రత్తాలు లేచి నిలబడింది.

"మేస్త్రీ! ఇవి పొయ్యిలోకన్నావే! నా కూలి ఎగ్గొట్టి, అదే ఆకులో అమ్మవారి ప్రసాదం పెట్టిస్తావా?"

నక్క పళ్ళికిలించాడు. "నీ కుట్టు ఎంత దరిద్రమో అందరిముందూ చెప్పమంటావా?"

"నువ్వెందుకు, నేనే చెబుతా. నా కట్టలో కొరికినవే ఎక్కువ!"

అటు బంతిలోంచి పోలమ్మ లేచింది. "నీవీ కొరికాడా వదినా? నావొక్కటే అనుకున్నానే!"

సింహాద్రమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఓరి నీ దుంపతెగా! పోలమ్మని చూసి కుట్టడం నేర్చుకోమన్నావు గదరా నాతో!"

సంతర్పణ పెద్ద ఏనుగు తాతయ్య తొండం ఊపాడు. "దేవుడి సన్నిధిలో తగవులేమిటమ్మా? ముందు భోంచెయ్యండి." విన్నారా ఆ పెద్దమనిషి మాట! దేవుడి సన్నిధిలో దొంగతనం చెయ్యొచ్చు, అడగడమే తప్పట!

మర్నాడే రత్తాలుకి ఆకు ఆపేశాడు నక్క. తిన్నగా పోలమ్మ ఇంటికెళ్ళాడు.

"రత్తాలు ఆకు కూడా నీకే. కూలి రెండింతలు."

పోలమ్మ ఆకుకట్ట వంక చూసింది. ఆకలితో ఉన్న పిల్లల వంక చూసింది. కట్టని వెనక్కి తోసి, "ముందు మా వదినకిచ్చి రా" అంది.

సింహాద్రమ్మ ఇంటికెళ్ళాడు. "నీకు ఈ అడవిలో పని పుట్టనివ్వను" అని బెదిరించాడు.

"కుడితే అందరం కుడతాం. మానితే అందరం మానతాం. ఇక దయచెయ్యి!"

ఇంకేం చేస్తాడు? ఇంటికిపోయి తనే కుట్టబోయాడు. సింహం ఇంట పెళ్ళి, విస్తళ్ళు ఒప్పుకుని కూర్చున్నాడాయె. పుల్ల గుచ్చితే ఆకు చీలింది. గట్టిగా పట్టుకుంటే పంజా చీలింది.

ఇక్కడ వీళ్ళకీ పొయ్యిలు సరిగా వెలగడం లేదు. ఉన్న దుంపలన్నీ ఒకే కుండలో ఉడకేసి, రత్తాలు ఇంటిముందు బండమీద పిల్లలందరికీ పంచారు.

పెళ్ళి దగ్గరపడింది. నక్క ఆకుకట్ట మోసుకుంటూ ఆ బండ దగ్గరికి వచ్చాడు. రత్తాలు ఒక్కతే ఉంది. గొంతు తగ్గించాడు.

"నువ్వు తెలివైనదానివి రత్తాలూ. కొరికినవాటన్నిటికీ నీకు కూలి ఇచ్చేస్తా. మిగతావాళ్ళకి చెప్పకు."

"కట్ట దించి కూర్చో మేస్త్రీ" అంది రత్తాలు. "పోలమ్మ రావాలి, సింహాద్రమ్మ రావాలి, వాగు అవతలి పందికొక్కులూ రావాలి. వాళ్ళవీ కొరికావట కదా!"

"ఎంతసేపు కూర్చోవాలి?"

"అందరూ వచ్చేదాకా."

అందరూ వచ్చారు. కొరికినవాటికి అందరికీ కూలి కట్టాలన్నారు. ఇకమీద విస్తళ్ళు ఈ బండమీదే, అందరి ఎదుటే చూడాలన్నారు. వద్దన్న విస్తరి కుట్టినవాళ్ళకే దక్కాలన్నారు.

నక్క ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరైనా తల దించుతారేమోనని చూశాడు. ఎవరూ దించలేదు.

ఒప్పుకున్నాడు.

నీతి: మన కష్టం దోచుకున్నవాడే మనల్ని చేతకానివాళ్ళంటాడు, సిగ్గుపడి ఇంట్లో దాచుకోకండి, తోటివాళ్ళతో చెప్పండి, అందరూ కలిసి అడగండి.