తాతగారి చేవ్రాలు

ఎప్పటి మాటో చెప్పలేను గాని, ఒక పెద్ద ఏటి ఒడ్డున నీలాద్రిపురమనే రాజ్యం ఉండేది. దాన్ని మార్తాండ భూపాలుడు ఏలేవాడు. ఆయనకు వేట మీద మోజు లేదు, ఏనుగుల మీద మోజు లేదు. ఉన్న మోజంతా పాత కాగితాల మీదే. వెనకటి రాజులో, సేనానులో, కవులో తమ చేత్తో పేరు రాసిన జాబు ఫలానా ఇంట ఉందని తెలిస్తే చాలు, భటులను పంపి తెప్పించేవాడు.

తెప్పించి చదివేవాడా అంటే, అదీ లేదు. కింద ఉన్న చేవ్రాలు మాత్రం బంగారు పిడి కత్తెరతో కత్తిరించి, పట్టుగుడ్డ మీద అంటించి, అద్దాల పెట్టెలో పెట్టేవాడు. మిగిలిన జాబు గంపలోకి పోయేది. కొలువుకు పండితులెవరు వచ్చినా ఆ పెట్టెలు చూపించి, "ఇంతటి సంపద మరే రాజు దగ్గరైనా ఉన్నదా?" అని అడిగేవాడు. లేదనేవారు అందరూ.

రాజుగారి తరఫున ఉత్తరాలు రాసే ఉద్యోగిని ఆ రోజుల్లో రాయసం అనేవారు. నీలాద్రిపురం రాయసం పేరయ్య. గంపలో పడిన ముక్కలను పారెయ్యడానికి ఆయనకు చేతులు రాలేదు. ఇంటికి తీసుకుపోయి ఒక్కొక్కటే చదివేవాడు. కూతురి పెళ్లికి రాలేనని యుద్ధభూమి నుంచి ఏడ్చిన తండ్రి ఒక ముక్కలో ఉన్నాడు. ఆ తండ్రి పేరేమిటో మాత్రం అందులో లేదు. అది అద్దాల పెట్టెలో ఉంది.

ఒకనాడు భటులు ఓబులమ్మ అనే పడవ నడిపే మనిషిని కోటకు తెచ్చారు. ఆమె దగ్గర రాజుగారి తాత నరహరి భూపాలుడి చేవ్రాలున్న కాగితం ఉందని ఎవరో చెప్పారు. కొలువు బయట ఆమె పేరయ్యను చూసి చేతులు జోడించింది.

"అయ్యా, రేవు మాదని చెప్పే కాగితం ఇదొక్కటే. ఇది పోతే రేపే ఇంకొకరు వచ్చి మా పడవ ఒడ్డుకు లాగేస్తారు. నాకు చదువు రాదు. కానీ ఇందులో మా తాత ఉన్నాడని మా అమ్మ చెప్పింది. దీన్ని కోసేస్తారంట గదా?"

పేరయ్య కాగితం విప్పి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"అమ్మా, లోపల నేనేమన్నా నువ్వు నోరు మెదపకు" అన్నాడు చివరికి.

కొలువులో రాజు చెయ్యి చాచాడు. పేరయ్య కాగితాన్ని వెలుగుకు పట్టి, కింద చివర చూసి, పెదవి విరిచాడు.

"ప్రభూ, ఇది దొంగ చేవ్రాలు. వెనక్కి ఇచ్చి పంపేద్దాం."

ఓబులమ్మ ముఖం పాలిపోయింది. అయినా పెదవి విప్పలేదు.

రాజు గబుక్కున కాగితం లాక్కున్నాడు. "దొంగదా! నీకేం తెలుసు? ఈ 'హ' తలకట్టు చూడు, ఎడమకు వాలింది. ఈ 'రి' గుడి చూడు, చుట్టి చివర కొస వదిలాడు. ఇలా రాసేవాడు లోకంలో ఒక్కడే. ఇది అబద్ధమైతే నా కిరీటమే అబద్ధం!"

"ప్రభువులు అంటే కాదనగలనా? కానీ రేపు పండితులు అడిగితే నేనేం చెప్పను? ఆ మాటే రాసి, ముద్ర వేసి ఇప్పిస్తే నా అనుమానం తీరుతుంది."

రాజుకు పౌరుషం వచ్చింది. 'ఇది మా తాతగారు స్వహస్తంతో చేసిన చేవ్రాలు. ఇందులో సందేహం లేదు' అని వేరే కాగితం మీద రాసి, ముద్ర కొట్టి పేరయ్య మీదికి విసిరాడు. తర్వాత కత్తెర అందుకున్నాడు.

"ఒక్క మనవి" అన్నాడు పేరయ్య. "పెద్దవారు ఏ సందర్భంలో చేవ్రాలు చేశారో కూడా కొలువు వింటే బాగుంటుంది. ప్రభువుల కంఠంతోనే వింటే మరీ బాగుంటుంది."

రాజు గొంతు సవరించుకొని చదవసాగాడు.

"'నేడు వరదలో గంగులు అనే పడవవాడు నన్ను ఏరు దాటించి బతికించాడు. నా సైనికుల కోసం రెండుసార్లు వెనక్కు వెళ్లి వచ్చాడు. మూడోసారి తిరిగి రాలేదు. అతని చేతిలో నేను పెట్టగలిగింది ఏమీ లేకపోయింది. ఈ రేవు అతని సంతతిది. ఈ కాగితం వాళ్ల ఇంటనే ఉండాలి. నా వంశంలో పుట్టినవాడెవడైనా దీన్ని వాళ్ల చేతినుంచి తీసుకుంటే...'"

రాజు అక్కడ ఆగాడు. మిగిలిన ముక్క ఆయన మెల్లగా చదివాడు.

"'...వాడు నా వాడు కాడు.'"

పక్కనున్న మంత్రి వంగి, "చేవ్రాలు అనుమానమేనని సెలవియ్యండి ప్రభూ" అని గొణిగాడు. పేరయ్య ముద్ర వేసిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు.

"చేవ్రాలు నిజమైతే దాని పైనున్న మాటా నిజమే ప్రభూ. మాట చెల్లదంటే చేవ్రాలూ చెల్లదు. చెల్లని చేవ్రాలు తమ పెట్టెలో ఎందుకు?"

రాజు పేరయ్యను చూశాడు. తన ముద్రను చూశాడు. కోపం వస్తుందని అందరూ బిగుసుకుపోయి ఉండగా, ఆయన కత్తెర కింద పెట్టి పెద్దగా నవ్వాడు.

"నన్ను నా చేతి రాతతోనే కట్టేశావు గదయ్యా!" అని, మెడలోని ముత్యాల హారం తీసి పేరయ్య మెడలో వేశాడు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. కాగితం మడత నలగకుండా తెచ్చి ఓబులమ్మ చేతిలో పెట్టాడు.

"అమ్మా, నన్ను ఏరు దాటిస్తావా?"

ఆ సాయంత్రం పరివారం ఒడ్డునే ఆగిపోయింది. రాజు ఒక్కడే పడవ ఎక్కాడు. నడి ఏటికి వచ్చాక ఓబులమ్మ తెడ్డు ఎత్తి పట్టుకుంది.

"ఇక్కడే దొరా" అంది.

మార్తాండ భూపాలుడు తలపాగా తీసి, నీళ్లకేసి చూస్తూ, ఆమె మళ్లీ తెడ్డు వేసేదాకా అలాగే నిలబడ్డాడు.