ఆనపకాయకు కట్టిన గుడ్డపేలిక

ఇటు జరిగి పడుకో బంగారూ. ఊఁ కొడుతూ వినాలి. మధ్యలో నిద్రపోతే వరాలు గతి ఏమైందో నీకు తెలియదు మరి.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ పక్క పెంకుటింట్లో, పేరమ్మ అనే అత్తగారూ వరాలు అనే కొత్త కోడలూ ఉండేవాళ్ళు. ఆ ఇంట్లో పారేయడమన్న మాటే లేదు. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి, అంట్లు తోమిన నీళ్ళు అరటిచెట్టుకి, కూరల తొక్కలు పెరట్లో గుంటకి. వరాలు పట్నం పిల్ల. ఇదేం చాదస్తమో అని లోపల సణుక్కుంటూనే అన్నీ నేర్చుకుంది.

ఎండాకాలం పేరమ్మ కూతురి పురిటికి వెళ్ళింది. ఆ తర్వాత వరాలు నాన్న చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఇంట్లో కూరగాయ లేదు. పందిరి మీద ఎండిన తీగకి ఒక్క ఆనపకాయ వేలాడుతోంది. దాని తొడిమకి ఎర్ర గుడ్డపేలిక. గాలికి ఎగిరొచ్చి చిక్కుకుందేమో అనుకుంది వరాలు. ఈ ఇంట్లో పేలికైనా వృథా చేయకూడదు కదా! శుభ్రంగా ఉతికి మసిగుడ్డ చేసుకుంది.

అప్పుడు కాయ కోయబోతే కత్తిపీటకు తెగలేదు. రోకలితో కొడితే పగిలింది గానీ, లోపలంతా పీచూ గింజలూ. విసుక్కుని గుంటలో వేసేసి, నాన్నకి పప్పుచారు పెట్టింది.

కొన్నాళ్ళకి పక్కింటి సూరమ్మ వచ్చి, పందిరి చూసి గుండెలు బాదుకుంది.

"విత్తనపు కాయ ఏదే అమ్మాయ్? ఎవరూ కోయకుండా మీ అత్త గుడ్డ కట్టి మరీ ఉంచిందే!"

వరాలు పరుగున వెళ్ళి గుంట కెలికింది. బూడిదా పేడా మధ్య చిప్ప దొరికింది, గింజలు లేవు. కోళ్ళు తినేశాయనుకుంది.

ఎవరినైనా నాలుగు గింజలు అడుగుదామని ముందు సూరమ్మనే అడిగింది. "మాకిచ్చేదే మీ అత్త కదే!" అంది. ఆ తర్వాత కుమ్మరి వీధికి వెళ్ళింది. వాళ్ళూ అదే మాట. ఆ తర్వాత పడవెక్కి కాలవ అవతలి ఊరికి వెళ్ళింది. అక్కడొక ముసలమ్మ, "ఈ రెండూళ్ళకీ పేరమ్మ విత్తనమే తల్లీ. అది పోతే ఇంకెక్కడిది?" అంది.

వరాలుకి అన్నం సయించలేదు. మబ్బు కనబడితే చాలు, భయం. తొలకరికి అత్త వచ్చేస్తుంది మరి.

తొలకరి పడింది. పేరమ్మ వచ్చి, గుమ్మంలోనే విత్తనపు కాయ సంగతి అడిగింది. వరాలు మసిగుడ్డ చూపించి, ఏడుస్తూ అంతా చెప్పేసింది. పేరమ్మ మొహం పాలిపోయింది. గుంటదాకా వెళ్ళి చూసొచ్చింది. తిట్టనూ లేదు, అన్నం తిననూ లేదు. తిట్టినా బాగుండేది అనిపించింది వరాలుకి.

మళ్ళీ మళ్ళీ వానలు పడ్డాయి. ఒకనాడు పొద్దున్నే తొక్కలు వేయడానికి వెళ్ళిన వరాలు, "అత్తయ్యా!" అని కేక పెట్టింది. గుంటనిండా లేత మొలకలు! పేరమ్మ పరుగెత్తుకొచ్చి, వంగి ఒక ఆకు తడిమి చూసింది.

"మన ఆనపే!" అంది. "వీధిలో పారేసి ఉంటే పోయేదే. గుంటలో వేసి బతికించావు. గుడ్డ కట్టాను గానీ, ఎందుకో నీకు చెప్పకుండా వెళ్ళాను. తప్పు నాదే తల్లీ."

ఆ ఏడు పందిరి విరగకాసింది. అన్నిట్లోకీ మంచి కాయ చూసి, వరాలే మసిగుడ్డ చింపి కట్టింది. కట్టి ఊరుకుందా? సూరమ్మ ఇంటికొచ్చిన కొత్త కోడల్ని గోడ దగ్గరికి పిలిచి, అదెందుకో చెప్పింది.

గింజ గుంటకి, తీగ మింటికి,
కథ కంచికి, నిద్ర నీ కంటికి!