ముంగిస భద్రం మొదలుపెట్టిన మోడ్

అనగనగా, రెండు కొండల నడుమ వాగు పారే ఒక అడవి ఉండేది. ఆ అడవిలో జంతువులకు కంప్యూటర్లు ఉండేవి. ఎలా వచ్చాయని అడగకండి పిల్లలూ, నాకు కథ చెప్పినవాళ్ళు ఆ సంగతి చెప్పలేదు.

వాళ్ళందరికీ ఇష్టమైన ఆట ఒకటుంది. దాని పేరు 'వాగు దాటు'. మొసళ్ళకు దొరక్కుండా చిన్న పడవను అవతలి ఒడ్డుకు చేర్చాలి, అంతే. ఆ ఆట తయారుచేసిన వాళ్ళు, "ఇందులో ఎవరికి నచ్చింది వాళ్ళు కలుపుకోవచ్చు" అని వదిలేశారు. అలా ఉన్న ఆటకు మనం కొత్తగా కలిపేదాన్ని మోడ్ అంటారు. దానికి జీతం ఉండదు. తిండి వెతుక్కోగా మిగిలిన పొద్దులో ఇష్టం కొద్దీ చేసుకోవాల్సిందే.

భద్రం అనే ముంగిసకు ఆ ఆటంటే ప్రాణం. ఒకరోజు పొద్దున జంతువులన్నీ మడుగు దగ్గర నీళ్ళు తాగుతుంటే, వాడు రాయెక్కి నిలబడ్డాడు.

"మన అడవినంతా ఆటలో పెడతాను. ప్రతి కొండా ఉంటుంది, ప్రతి చెట్టూ ఉంటుంది. మీరందరూ ఉంటారు. ఎవరి గొంతు వాళ్ళకే ఉంటుంది. తొలకరి పడేనాటికి మీ ముందు పెడతాను," అన్నాడు.

మడుగు చుట్టూ సందడి రేగింది. ఎలుగుబంటి తనను మరీ లావుగా చూపించవద్దని అప్పుడే చెప్పేసింది.

భద్రానికి సాయం చేయడానికి ముగ్గురు ముందుకొచ్చారు. బొమ్మలు గీయడానికి గిజిగాడు పిట్ట పుల్లయ్య వచ్చాడు. ఎవరి గొంతునైనా అచ్చం అనుకరించగల గోరింక రాగమ్మ వచ్చింది. ఆట నడవడానికి కావలసిన కోడ్ రాయడానికి ఏదుపంది మంగతాయి వచ్చింది.

మంగతాయి అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగింది. "భద్రం, మనం నలుగురమే కదయ్యా. ముందు ఏదైనా చిన్నది చేసి చూద్దామా?"

"చిన్నది చేస్తే ఎవరు చూస్తారత్తా? అయిపోతుందిలే, నువ్వు బెంగపడకు," అన్నాడు భద్రం.

మంగతాయి సరేనని తలూపింది. ఆ రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ అంత సంబరంలో ఉన్నవాడి దగ్గర ఆ మాట ఎలా అంటుంది?

మొదట్లో పని బాగానే సాగింది. ఎండలు ముదిరేసరికి నెమ్మదించింది. పుల్లయ్య కొండల బొమ్మలు ఇస్తానన్న రోజున ఇవ్వలేదు. అడిగితే, "రేపు ఇస్తాను బావా," అన్నాడు. మర్నాడూ అదే మాట. రాగమ్మ అయితే భద్రం వస్తున్నాడని తెలియగానే పక్క చెట్టుకు ఎగిరిపోయేది.

మడుగు దగ్గర మాత్రం అందరూ రోజూ అడిగేవారు. "ఎంతవరకు వచ్చింది భద్రం?"

"అయిపోవచ్చింది," అనేవాడు భద్రం. ఆ మాట అబద్ధమని వాడికి తెలుసు. అయినా తప్పు తన మాటలో ఉందని అనిపించలేదు. ఎవరో కావాలనే పని ఆపుతున్నారని అనిపించింది.

అలాంటప్పుడు ఒక సాయంత్రం మంగతాయి వాగు అవతలి ఒడ్డు నుంచి తిరిగి రావడం వాడి కంట పడింది. అవతలి ఒడ్డున ఉండేది నక్క నారప్ప. నారప్ప కూడా మోడ్‌లు చేస్తాడు.

భద్రం అక్కడే ఆగిపోయాడు. ఒక్కసారిగా అన్నీ అర్థమైనట్టు అనిపించింది. పుల్లయ్య బొమ్మలు ఎందుకు రావడం లేదు? నారప్పకు వెళ్తున్నాయి. రాగమ్మ మొహం ఎందుకు చాటేస్తోంది? నారప్పతో మాట్లాడుకుంది. అయితే ముగ్గురిలో మొదట అమ్ముడుపోయింది ఎవరు?

అది తేల్చుకోవడానికి ఒక ఎత్తు వేశాడు. పుల్లయ్యను పక్కకు పిలిచి, "మన ఆటలో బంగారు నెమలి కూడా ఉంటుంది. ఎవరికీ చెప్పకు," అన్నాడు. రాగమ్మను ఎలాగో పట్టుకుని, రెండు తలల పాము ఉంటుందన్నాడు. మంగతాయితో రెక్కల పడవ ఉంటుందన్నాడు. ఇవేవీ వాడు నిజంగా చేయాలనుకున్నవి కావు. నారప్ప నోట ఏ మాట వినిపిస్తే, ఆ మాట మోసినవాళ్ళే దొంగలని వాడి లెక్క.

చెవులు నిక్కించుకుని కాచుకున్నాడు. నారప్ప వైపు నుంచి ఏ మాటా రాలేదు. మడుగు దగ్గరకు వెళ్ళేసరికి కుందేలు ఎదురొచ్చింది.

"భద్రం మామా, ఆ బంగారు నెమలి ఎగురుతుందా?"

వెనకే దుప్పి వచ్చింది. "రెండు తలల పాము కరుస్తుందా? నా పిల్ల భయపడుతోంది."

నీళ్ళలోంచి ఎలుగుబంటి తలెత్తింది. "రెక్కల పడవ నా బరువు మోస్తుందంటావా?"

జరిగింది ఇది. అందరూ ఎందుకింత ఆలస్యమని అడుగుతుంటే, ఆ ముగ్గురికీ ఏం చెప్పాలో తోచలేదు. భద్రం పరువు కాపాడాలని, ఫలానాది కూడా వస్తోంది అందుకే ఆలస్యం అని ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పేశారు. పట్టుకోవడానికి చెప్పిన మూడు అబద్ధాలూ ఇప్పుడు చేసి తీరాల్సిన మూడు పనులయ్యాయి.

భద్రం అలా అనుకోలేదు. ముగ్గురూ ఒక్కటయ్యారనుకున్నాడు. ఇంటికి పోయి పాస్‌వర్డ్ మార్చేశాడు. ఇక తను తప్ప ఎవరూ ఆ పనిని తెరవలేరు.

కాసేపటికి మంగతాయి వచ్చింది. "భద్రం, నా పని తెరుచుకోవడం లేదు. వాగులో నీరు పారే చోట ఇంకాస్త రాయాలి."

"ఎందుకు తెరుచుకోవడం లేదో నారప్పను అడుగు," అన్నాడు భద్రం, మొహం తిప్పుకుని.

మంగతాయి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తర్వాత పుల్లయ్య వచ్చాడు. "బావా, ఉన్న కొండలే గీయలేక నా ముక్కు అరిగిపోతోంది. బంగారు నెమలి కూడానా? వానలొస్తున్నాయి. నేను గూడు అల్లుకోవాలి. ఇక నావల్ల కాదు." జవాబు కోసం ఆగకుండానే ఎగిరిపోయాడు. రాగమ్మ ఆ ఛాయలకే రాలేదు.

మబ్బులు పట్టాయి. భద్రం ఒక్కడే కూర్చుని పనంతా తెరిచి చూశాడు. ఎటు చూసినా సగం కొండలు, సగం చెట్లు. నోరు తెరిచినా గొంతు రాని జింకలు. మిగతా సగం ఏమైంది? నారప్ప దగ్గరే ఉండి ఉంటుంది.

పట్టపగలే వాగు దాటి వెళ్ళాడు. వెదురు పొద చాటున నక్కి చూశాడు. నారప్ప తన కంప్యూటర్ ముందు కూర్చుని తీరిగ్గా ఆడుకుంటున్నాడు.

"పొద పక్క నుంచి తోక కనిపిస్తోంది భద్రం. వచ్చి కూర్చో," అన్నాడు నారప్ప, తల తిప్పకుండానే.

భద్రం బయటకు వచ్చాడు కానీ కూర్చోలేదు. "నా కొండలు ఎక్కడ?"

"వెతుక్కో," అని నారప్ప పక్కకు జరిగాడు.

భద్రం ఏదీ వదలకుండా తెరిచి చూశాడు. కొండలు లేవు, జింకలు లేవు. పాత 'వాగు దాటు' ఆటే ఉంది. అందులో కొత్తగా కలిపింది ఒక్కటే. వాగు మధ్యలో ఒక బండ. పడవ అక్కడ కాసేపు ఆగి అలుపు తీర్చుకోవచ్చు.

"ఇంతేనా?" అన్నాడు భద్రం.

"ఇంతే. నాకు పొద్దున కాస్త తీరిక ఉంటుంది. ఆ తీరికలో ఏది పూర్తవుతుందో అదే తలపెట్టాను. పూర్తయింది."

భద్రానికి ఇంకా నమ్మకం కుదరలేదు. "మరి మంగతాయి అత్త నీ దగ్గరికి ఎందుకొచ్చింది?"

నారప్ప వాడివైపు తిరిగాడు. "ఈ పని అయ్యేది కాదని నీకు ఎలా చెప్పాలో తెలియక వచ్చింది. నువ్వు చిన్నబుచ్చుకోకుండా ఎలా చెప్పాలి అని అడిగింది. నాకూ తెలియదన్నాను. నీవాళ్ళను నేను లాక్కోలేదు భద్రం. ఇస్తామన్నది ఇవ్వలేక, నీ మొహం చూడలేక వాళ్ళే తప్పుకుంటున్నారు. అడవిలో ఏది పోయినా ముందు నా ఇంటికే వస్తారు. నువ్వూ వచ్చావు."

భద్రం తల దించుకుని వాగు దాటాడు. దారంతా పుల్లయ్య "రేపు" అన్నప్పటి గొంతు గుర్తొస్తూనే ఉంది. అది దొంగ గొంతు కాదు, అలసిపోయినవాడి గొంతు.

నేరుగా మంగతాయి ఇంటికి వెళ్ళాడు. ఆమె ముళ్ళు నిక్కబొడుచుకుని గుమ్మంలో నిలబడింది.

"తప్పు నాదే అత్తా. నిన్ను అనుమానించాను," అన్నాడు.

"అడిగి ఉంటే చెప్పేదాన్ని. నువ్వు తాళం వేశావు," అంది మంగతాయి.

"ఇప్పుడు అడుగుతున్నాను. మనతో నిజంగా ఏమవుతుంది?"

ఆమె వెంటనే మెత్తబడలేదు. గుమ్మంలోంచే అంది. "పుల్లయ్య ఒక్క వాగు మలుపు పూర్తిగా గీశాడు. అక్కడ వాన పడితే నీరు పెరిగేలా నేను రాయగలను. రాగమ్మ కప్పల బెకబెకలు ఇవ్వగలదేమో, వెళ్ళి అడుగు. అంతకు మించి ఒక్కటి కలిపినా నేను రాను."

భద్రం ఆమెకు కొత్త పాస్‌వర్డ్ చెప్పేశాడు. రాగమ్మను అడగడానికి వాడు చెట్టు కిందే నిలబడ్డాడు, ఆమె దిగి వచ్చేదాకా. కప్పలు తప్ప ఇంకేమీ వద్దని చెప్పాకే ఆమె దిగింది. పుల్లయ్య మాత్రం రానన్నాడు. గూడు సగంలో ఉంది. భద్రం బతిమాలలేదు.

ఇక మిగిలింది మడుగు దగ్గర అందరికీ చెప్పడం. మర్నాడు పొద్దున భద్రం రాయెక్కలేదు, కిందే నిలబడి చెప్పాడు. "అడవంతా రాదు. ఒక్క వాగు మలుపే వస్తుంది. బంగారు నెమలి, పాము, రెక్కల పడవ నేను చెప్పిన అబద్ధాలు."

గుసగుసలు మొదలయ్యాయి. ఎలుగుబంటి కళ్ళు చిన్నవి చేసి చూసింది. "నిన్ను అవతలి ఒడ్డున చూశానే. మిగతాదంతా నారప్పకు ఇచ్చి వచ్చావా?"

 ఏం చెప్పినా వాళ్ళు నమ్మరని భద్రానికి తెలిసిపోయింది. చేయగలిగింది ఒక్కటే, చెప్పింది పూర్తి చేయడం.

తొలకరి పడిన కొన్నాళ్ళకు మోడ్ పూర్తయింది. మొదట ఎవరూ దగ్గరకు రాలేదు. చివరికి దుప్పి పిల్ల వచ్చి కూర్చుంది. తెరమీద వాన మొదలైంది. కప్పలు అరిచాయి. మలుపు దగ్గర నీరు మెల్లగా పైకి లేచి ఒడ్డు ఎక్కింది. దుప్పి పిల్ల తన కాళ్ళు తడుస్తాయేమోనని గబుక్కున వెనక్కి లాక్కుంది.

అది చూసి ఎలుగుబంటి వచ్చింది. ఒకసారి ఆడింది. వెంటనే మళ్ళీ ఆడింది.

"తర్వాత ఏం పెడతావు?" అని అడిగింది కుందేలు.

భద్రం ఈసారి మంగతాయి వైపు తిరిగాడు. "ఏం పెట్టగలం అత్తా?"

మంగతాయి ఆలోచించింది. "ఒక చెట్టు," అంది.

నీతి: పదిమంది ఇష్టంతో చేసే పనిలో వాళ్ళ తీరికకు, శక్తికి తగినంతే తలపెట్టాలి. మోయలేని బరువు పెట్టి, మోయలేనివారిని అనుమానిస్తే పనీ పోతుంది, మనుషులూ దూరమవుతారు.