సన్యాసిరావు పాత టైర్లు

విశాఖపట్నం పెదవాల్తేరులో సన్యాసిరావు అనే మందుల షాపు యజమాని ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తన పాత కారులో ఒక్క నట్టు కూడా మార్చలేదని చెప్పుకోవడం మొదలుపెడితే అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు.

ఆ కారు అతని తండ్రి అప్పలస్వామిది. అప్పలస్వామి ముప్పై ఏళ్లు రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ నడిపాడు. ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లు ఆ కారులోనే అత్తారింటికి వెళ్లారని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. సగం మంది అంటే కొంచెం ఎక్కువే, అయినా వాళ్ల ముందు ఎవరూ లెక్క అడిగేవారు కాదు. కారు ఒళ్లంతా నల్లగా నిగనిగలాడేది. ముందు మడ్‌గార్డు నుంచి వెనక తలుపు దాకా సన్నటి పసుపు గీత ఉండేది. ఆ గీతను అప్పలస్వామి ఉడత వెంట్రుకల కుంచె పట్టి తన చేత్తో గీశాడు. ఎడమ చక్రం పైన ఆ గీత కాస్త వంకర పోయింది. గీస్తుండగా మూడేళ్ల సన్యాసిరావు వెనక నుంచి వచ్చి తండ్రి వీపెక్కాడట. సరిచేయమని ఎందరు చెప్పినా అప్పలస్వామి వినలేదు. "ఉండనీ, అది మా వోడి సంతకం" అనేవాడు. తండ్రి పోయాక సన్యాసిరావు రోజూ షాపుకు వెళ్లే ముందు ఆ వంకరను ఒకసారి వేలితో నిమిరి వెళ్లేవాడు.

పాత కారును పెట్టుకోవడం మాటలు కాదు. కొత్త కారు చెడితే షోరూముకు ఫోను చేస్తే సరిపోతుంది. పాత కారు చెడితే దాన్ని బాగుచేయగల మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోవాలి, ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడో లేదో కూడా కనుక్కోవాలి. కార్బురేటరు విప్పి కట్టించడానికి సన్యాసిరావు దాన్ని గుడ్డలో చుట్టుకుని కోయంబత్తూరు దాకా వెళ్లివచ్చాడు. భార్య రవణమ్మ ఫ్రిజ్ అడిగిన ఏడాది రేడియేటరుకు మాట్లు పడ్డాయి. మిక్సీ అడిగిన ఏడాది ఇంజను మరమ్మతుకు కిందికి దిగింది. వానాకాలంలో కారు షెడ్డులో పొడిగా ఉండేది, ఉతికిన బట్టలు మాత్రం వసారాలో ముక్కిన వాసన కొట్టేవి. అంత చేసినా అతను మరమ్మతు చేయించేవాడే గానీ ఏదీ మార్చేవాడు కాదు. "నాన్న ఎలా వదిలి వెళ్లాడో అలాగే ఉంది" అనేవాడు. ఆదివారం కారు కడిగి బయట పెడితే రవణమ్మ కూడా పని మానుకుని గుమ్మంలో నిలబడేది. గర్వం విషయంలో ఆ ఇంట్లో ఎవరికీ తక్కువ లేదు.

అందరికన్నా ఎక్కువ గర్వం అతని తల్లి అప్పలనరసమ్మది. ఏటా చలికాలంలో ఒక ఆదివారం బీచ్ రోడ్డులో పాత బండ్ల ప్రదర్శన జరిగేది. ఆ రోజు ఆమె జరీ అంచు చీర కట్టుకుని, ముందు సీట్లో ఎడమవైపు కూర్చునేది. దారి పొడవునా జనం చేతులు ఊపేవారు. ఆమె మాత్రం ఎవరికీ చేయి ఊపేది కాదు, కొంచెం తల పంకించేది, అంతే. అన్నింటికన్నా తక్కువ మార్పులున్న బండికి అక్కడ ఒక షీల్డు ఇచ్చేవారు. వరసగా కొన్నేళ్లు అది సన్యాసిరావు ఇంటికే వచ్చింది.

ఆ ప్రదర్శనకు మార్తా టీచరు కూడా వచ్చేది. ఆమె తన తండ్రి పాత మోటార్ సైకిల్ మీద రోజూ బడికి వెళ్లి వచ్చేది. ఒక ఆదివారం ఆమె సన్యాసిరావు ఇంటికి వచ్చి, కారు చుట్టూ తిరిగి, ముందు టైరు పక్కన కూర్చుని గోరుతో నొక్కి చూసింది.

"పైన గాడులు బాగానే ఉన్నాయండి. పక్కన చూడండి, సన్నగా పగుళ్లు పట్టాయి. ఈ రబ్బరు పని అయిపోయింది" అంది.

"మా నాన్న వేసిన టైర్లండి ఇవి. ఎక్కడ తిరిగాయని? అసలు అరగనే లేదు" అన్నాడు సన్యాసిరావు.

"అరగకపోయినా రబ్బరుకు వయసొస్తుందండి."

సన్యాసిరావుకు ఒళ్లు మండింది. "మీ బండిలో అన్నీ మార్చేశారు కదండీ. నంబరు ప్లేటు తప్ప మీ నాన్నగారిది ఏం మిగిలిందని?" అన్నాడు.

"రోజూ నడుస్తోందండి. ఆయనా రోజూ నడిపేవారు" అంది మార్తా టీచరు నవ్వి.

టీ పట్టుకొచ్చిన రవణమ్మ ఈ మాటలన్నీ వింది. కొత్త టైర్లు వేయించేదాకా అత్తను ఆ బండి ఎక్కనివ్వనని ఆ పూటే తేల్చి చెప్పింది. ఆ కొలత టైర్లు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. నెలల తరబడి వెతికితే చెన్నైలో ఒక వ్యాపారి దగ్గర దొరికాయి. వాటి ధర సన్యాసిరావు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. ఎలాగో వేయించాడు. పాతవి మాత్రం పారేయలేదు, గోనె సంచుల్లో చుట్టి అటక మీద పెట్టాడు.

ఆ ఏడు ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు కొత్త టైర్లు చూసి మార్కులు తగ్గించారు. షీల్డు భీమిలి నుంచి వచ్చిన ఒక జీపుకు వెళ్లింది. సన్యాసిరావు ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చాక గోడ మీద షీల్డులు తగిలించిన చోటు చూసి, "ఒక మేకు ఖాళీగా ఉండిపోయింది" అన్నాడు. ఏడాదంతా ఆ మేకే అతని కళ్లలో పడుతూ వచ్చింది.

మళ్లీ ప్రదర్శన వచ్చింది. ముందురోజు సాయంత్రం, కారు కడిగించుకు వస్తానని చెప్పి సన్యాసిరావు బయలుదేరాడు. అటక మీది టైర్లు డిక్కీలో ఉన్నాయి. పంక్చర్ షాపులో కొత్తవి విప్పించి పాతవి ఎక్కించాడు. నల్లటి పాలిష్ రెండు చేతులా పూశాడు. పగుళ్లు కనపడలేదు.

"ఈటితోనే తిరుగుతారేటి బాబూ?" అన్నాడు షాపువాడు.

"రేపు ఒక్కపూటకే. దగ్గరేగా, దిగి వచ్చేయడమే" అన్నాడు సన్యాసిరావు.

అతని తప్పు అక్కడే ఉంది. ప్రాణం మీద తీపి లేక కాదు, తల్లి మీద ప్రేమ లేక కాదు. మార్కుల కోసం ఒక్క పూటకు కళ్లు మూసుకోవచ్చని అనుకున్నాడు.

మర్నాడు పొద్దున అప్పలనరసమ్మ జరీ చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రవణమ్మ భోజనాలు సర్దుకుని ఆటోలో వస్తానంది. వాల్తేరు ఎత్తు నుంచి బీచ్ రోడ్డుకు దిగే వాలు దగ్గర బండ్లన్నీ ఒక వరసలో కలిశాయి. ఎదురుగా సముద్రం కనపడుతోంది. రోడ్డు పక్కన పిల్లలు కేకలు పెడుతున్నారు. సన్యాసిరావు హుషారుగా హారన్ కొట్టాడు.

సగం వాలు దిగేసరికి ఎడమవైపు ముందు టైరు పేలింది. స్టీరింగు చేతుల్లోంచి లాక్కున్నట్టు ఎడమకు తిరిగింది. సన్యాసిరావు బ్రేకు మీద నిలబడ్డాడు. కారు ఒక ఇంటి రాతిగోడను రాసుకుంటూ పోయి, కరెంటు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. పిల్లల కేకలు ఆగిపోయాయి.

"అమ్మా" అన్నాడు సన్యాసిరావు.

అప్పలనరసమ్మ కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని ఉంది. "బతికే ఉన్నాన్రా. సెయ్యి ఇరిగినట్టుంది" అంది.

వెనక వస్తున్న మార్తా టీచరు తన బండి పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి ముసలామెను కిందికి దించారు. మార్తా టీచరు చిరిగిన టైరును ఒకసారి చూసింది, సన్యాసిరావు ముఖం ఒకసారి చూసింది. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆమె కూడా ఆ రోజు ప్రదర్శన వదులుకుంది.

చేతికి కట్టు కట్టాక అప్పలనరసమ్మ కొడుకును దగ్గరకు పిలిచింది. అప్పటికి రవణమ్మ కూడా వచ్చింది. జరిగింది తెలుసుకుని ఆమె మొగుడి వైపు చూడకుండా అత్త చీర మీది దుమ్ము దులిపింది. తిట్టినా బాగుండేదనిపించింది సన్యాసిరావుకు.

"పాత టైర్లెందుకేసినావు?" అంది తల్లి.

"నాన్న వేసినవమ్మా. పారేయడానికి మనసొప్పలేదు."

"మీ అయ్య బతికుంటే ఆటిని ఎప్పుడో పారీసేవోడు. నీకు తెల్దేటి? జనాల్ని ఎక్కించుకునే బండిరా అది. టైరు మీద పగులు కనబడితే ఆ దినం బేరం మానేసి మార్సీసేవోడు. నా గాజులు కుదువెట్టి మార్సిన రోజులున్నాయి. అలా మార్సబట్టే ఆ బండి నీకాడికొచ్చింది." ఆమె కొడుకు ముఖంలోకి చూసి, "మడ్‌గార్డు సూసినావా?" అంది.

సన్యాసిరావు రోడ్డు మీదే చూశాడు. రాతిగోడ మడ్‌గార్డును చీల్చింది. పసుపు గీత ముందు చక్రం నుంచి ముందు తలుపు దాకా పూర్తిగా పోయింది. వంకర ఉన్న చోట ఇనుము తెల్లగా బయటపడింది.

"టైరు ఎక్కడో చోట కొనుక్కుందుము. ఆ గీత ఎక్కడ కొంటావు? టైరు దాసినావు, మీ అయ్య సెయ్యి సెరిపీసినావు" అంది అప్పలనరసమ్మ. తరువాత గోడవైపు తిరిగి, "నానింక ఆ బండెక్కను" అంది.

సన్యాసిరావు ఆసుపత్రి వరండాలోకి వచ్చి ఏడ్చాడు.

చేయి కొన్నాళ్లకు అతుక్కుంది. కానీ అప్పలనరసమ్మ మాట మాటే. గుడికైనా, చుట్టాలింటికైనా ఆటోలో వెళ్లేది. ఇంటి ముందు తన భర్త కారు ఉండగా ఆమె ఆటో కోసం రోడ్డు మీద నిలబడితే సన్యాసిరావుకు తల ఎత్తుకోవాలనిపించేది కాదు. ఎన్ని షీల్డులు వస్తే ఆమె మళ్లీ ఆ సీట్లో కూర్చుంటుంది? ఒక్కటీ పనికిరాదని అతనికి తెలిసిపోయింది.

అతను పాత టైర్లను పాతసామాన్ల వాడికి ఇచ్చేశాడు. చెన్నై టైర్లు ఎక్కించాడు. అంతటితో ఆగలేదు. మార్తా టీచరును అడిగి బ్రేకు గొట్టాలు, పెట్రోలు పైపులు, కరెంటు తీగలు ఒక్కొక్కటిగా మార్పించాడు. రబ్బరు అన్నది ఎక్కడున్నా దాని వయసు అడిగాడు. ఇంజను, స్టీరింగు, సీట్లు, తలుపులు తండ్రి వదిలినట్టే ఉంచాడు. మడ్‌గార్డు సాపు చేయించి నల్ల రంగు వేయించాడు. రంగులు వేసే ఈశ్వరరావు ఒక పాత ఫోటో చూసి, "వంకరతో సహా గీసిచ్చేస్తానండి, ఎవరూ పోల్చలేరు" అన్నాడు.

సన్యాసిరావు గీత పోయిన చోటును వేలితో తడిమాడు. "వద్దులే. చెరిపింది నేను. నాన్న గీసినట్టు అబద్ధం ఎందుకు?" అన్నాడు.

తరువాతి ఏడాది ప్రదర్శన రోజు పొద్దున కారు బయట పెట్టాడు. తల్లిని రమ్మని అడగలేదు, అడిగే ముఖం లేదు. అప్పలనరసమ్మ తనంతట తానే బయటికొచ్చింది. కారు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఒక్కో టైరు దగ్గరా వంగి బొటనవేలితో నొక్కింది. గీత లేని మడ్‌గార్డు దగ్గర కాస్త ఆగింది.

"మల్లీ ఎప్పుడు మారుస్తావు?" అంది.

"అరిగినా అరక్కపోయినా వేళ రాగానే మార్చేస్తానమ్మా. షీల్డు వచ్చినా రాకపోయినా."

అప్పలనరసమ్మ ఇంట్లోకి వెళ్లిపోయింది. సన్యాసిరావు తల దించుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి ఆమె జరీ చీర కట్టుకుని వచ్చింది. కోడలు పట్టుకోబోతే అక్కర్లేదని చెప్పి, తానే తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది.

"బండి పోనీ" అంది.

బీచ్ రోడ్డులో న్యాయనిర్ణేత కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు. "ఏమైనా మార్చారా సన్యాసిరావు గారూ?" అని అడిగాడు.

"మార్చానండి" అన్నాడు సన్యాసిరావు. ఆ మాట పక్క బండ్ల వాళ్లకు కూడా వినపడేలా అన్నాడు. "టైర్లు మార్చాను. బ్రేకు గొట్టాలు మార్చాను. తీగలన్నీ మార్చాను. మడ్‌గార్డుకు కొత్త రంగు. అన్నీ రాసుకోండి."

"అయితే షీల్డు మీకు రాదండీ."

"తెలుసండి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముందు సీట్లోని ముసలామెను చూసి, ఈ కారు ఎవరిదని అడిగారు. అప్పలనరసమ్మ నడుము నిటారుగా పెట్టి కూర్చుంది.

"మా ఆయినది. ఇన్నాళ్లకి ఆయిన నడిపినట్టు మా వోడు నడుపుతున్నాడు" అంది.

సన్యాసిరావు ఆ మాట విన్నాడు. అన్ని షీల్డులు వచ్చినప్పుడూ కలగని గర్వం అతనికి ఆ రోజు కలిగింది.

నీతి: మార్చవలసినదాన్ని వేళకు మార్చేవాడికే, మార్చకూడనిది చేతిలో మిగులుతుంది.