తవ్వమన్న గురువు

సిరిపాలుడు మూడు రోజులుగా ధ్యానానికి కూర్చుంటున్నాడు గాని, కూర్చున్నది ఒళ్లు మాత్రమే. కళ్లు మూసుకుంటే చాలు, అక్క పొలం కనిపిస్తోంది.

కృష్ణ ఒడ్డున అతనుండే బౌద్ధ విహారానికి కన్నశెట్టి అనే వర్తకుడు కొత్త స్తూపం కట్టిస్తానన్నాడు. చెడ్డవాడేం కాదు, పుణ్యం మీద కాస్త ఆత్రం ఎక్కువ. స్తూపానికి ఇటుకలు కావాలి, ఇటుకలకు మట్టి కావాలి. మట్టి కోసం అతని మనుషులు నాలుగు ఊళ్లు తిరిగి, చివరికి రేగడిపాడులో ఎల్లక్క సాగు చేసుకునే నల్లరేగడి పొలం చెక్క దగ్గర ఆగారు. బండి బాట పక్కనే ఉంది. ఇసుక, ఊక కలిపితే ఇటుక నిలుస్తుంది. పైగా మూడేళ్లుగా అందులో గింజ పండలేదు. చచ్చిన నేలను తవ్వుకుంటే ఎవరికి నష్టం అన్నాడు శెట్టి.

రేగడిపాడు రాజుగారు విహారానికి రాసిచ్చిన ఊరు. అక్కడ తవ్వాలంటే సంఘం ఒప్పుకోవాలి. సంఘం తరఫున మాట చెప్పవలసినవాడు అందరికంటే పెద్దవాడైన రక్షిత స్థవిరుడు. ఎల్లక్కకు ఆ చెక్క తప్ప వేరే ఆధారం లేదు. నిలువు లోతు మట్టి బండ్లకెత్తుకుపోతే ఆమెకు మిగిలేది వానాకాలం కప్పలు అరిచే గుంట.

ఎల్లక్క సిరిపాలుడికి తోడబుట్టిన అక్క. అతను భిక్షువై చీవరం కట్టేదాకా ఆ చెక్కలో నాగలి పట్టింది అతనే. అతను వచ్చేశాక ఆమె ఒక్కతే లాక్కొస్తోంది.

తోటి భిక్షువులతో ఈ మాట చెప్పబోతే వాళ్లు నవ్వారు. "నీకింకా ఎద్దుల వాసన పోలేదయ్యా" అన్నాడొకడు. సిరిపాలుడికి ఒళ్లు మండింది. భిక్షువుకు ఒళ్లు మండకూడదని గుర్తొచ్చి ఇంకాస్త మండింది.

నాలుగో రోజు పొద్దున్నే గురువు దగ్గరికి వెళ్లాడు. రక్షిత స్థవిరుడు నీరెండలో కూర్చుని చిరిగిన చీవరం కుట్టుకుంటున్నాడు.

"భంతే, నేలను వదిలేసి వచ్చాను. ఇప్పుడు దాని కోసం నోరు తెరిస్తే వదలనట్టేనా?"

స్థవిరుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"శెట్టి చెప్పేది నిజం కాదు. ఆ నేల సంగతి నాకు తెలుసు. తెలిసీ ఊరుకోమంటారా?"

"ఊరుకోమని నేనన్నానా?"

"మాట్లాడమని కూడా అనలేదు."

దారం ఎక్కింది. స్థవిరుడు రెండు కుట్లు వేసి, దారం కొరికి, చీవరం మడిచాడు. "గోడ వారన పనివాళ్ల పార ఉంటుంది. అది తీసుకుని నాతో రా. శెట్టి పొలం దగ్గరికి వస్తానన్నాడు."

సిరిపాలుడి గుండె జారిపోయింది. భిక్షువు పార పట్టడు. బతికున్న నేలను తవ్వకూడదు, ఇంకొకరి చేత తవ్వించకూడదు అన్నది చీవరం కట్టినప్పుడు నేర్పే నియమాల్లో ఒకటి. వట్టి గులకరాళ్లు, కాలిన మట్టి, అలాంటి చచ్చిన నేలైతే తవ్వినా దోషం లేదు. గురువు పార తెమ్మన్నాడంటే శెట్టి మాట నమ్మేసినట్టే. వెళ్లి పార అందుకున్నాడు. మూడేళ్లయినా దాని బరువు ఎక్కడ పట్టుకోవాలో చేతికి గుర్తుంది. ఆ సంగతికి సిగ్గుపడ్డాడు.

వైశాఖం ఎండ. పొలం గట్టు మీద కన్నశెట్టి గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఎల్లక్క గొడుగు లేకుండా నిలబడి ఉంది. చెక్క నిండా నెర్రెలు, ఒక్కొక్కటి అరచెయ్యి వెడల్పు.

"చూశారుగా భంతే" అన్నాడు శెట్టి. "మేక కాలు పెడితే తొడ దాకా దిగిపోతుంది. ప్రాణమున్న నేల ఇలా పగులుతుందా? రెండేళ్లు విత్తి విత్తనాలు పోగొట్టుకుంది. ఈ ఏడు విత్తడం కూడా మానేసింది. ఆవిడకే నమ్మకం లేదు."

ఎల్లక్క తమ్ముడి వైపు చూసి పేరు పెట్టి పిలవబోయి, సర్దుకుని, స్థవిరుడి వైపు తిరిగింది.

"రెండేళ్లు వాన మొగం చాటేసింది సామీ. అది నేల తప్పా? ఈ ఏడు కావాలనే బీడు పెట్టా. మాగమాసంలో ఎరువుకని గొర్రెల మంద కట్టించా. పడుకున్నదాన్ని చూసి చచ్చిందంటే ఎట్టా?"

"రైతులకు పొలం మీద ప్రేమ ఉంటుందమ్మా. కాదనను" అన్నాడు శెట్టి మెత్తగా. ఆ మెత్తదనానికే సిరిపాలుడి పళ్లు బిగుసుకున్నాయి.

స్థవిరుడు నెర్రెలు దాటుకుంటూ చెక్క మధ్యకు నడిచి, శిష్యుణ్ణి పిలిచాడు.

"చచ్చిన నేలంటున్నారు. మొదటి పెళ్ల నువ్వు తియ్యి. తవ్వు."

సిరిపాలుడు పార ఎత్తాడు. గురువు చెప్పిన పని చేస్తానని మాటిచ్చిన వాడు. ఇన్నాళ్లూ నీళ్లు మోయమంటే మోశాడు, ఊడ్వమంటే ఊడ్చాడు, ఎందుకని ఎన్నడూ అడగలేదు. గట్టు మీద అక్క చూస్తోంది. ఆమె ముఖంలో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఎత్తిన పార మెల్లగా దించాడు.

"తవ్వను."

కన్నశెట్టి గొడుగు కాస్త పక్కకు జరిగింది. "గురువుగారు చెప్పారయ్యా."

"విన్నాను. తవ్వను."

"ఎందుకు?" అన్నాడు స్థవిరుడు.

"ఇది బతికే ఉంది."

"పగిలింది కదా."

"రేగడి పగలాలి భంతే. ఎండకు పగలని రేగడినే అనుమానించాలి. పైమట్టి, రాలిన కందాకు, మంద పెంట అంతా ఈ నెర్రెల్లోంచి లోపలికి జారుతుంది. వాన పడగానే నేల ఉబ్బి మూసుకుంటుంది. లోపలి మట్టి పైకి నెట్టుకొస్తుంది. అంత లోతు దున్నే నాగలి మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఇది తనను తాను దున్నుకుంటోంది."

అతను మోకాళ్ల మీద కూర్చుని ఒక నెర్రెలోకి భుజం దాకా చెయ్యి దూర్చాడు. గుప్పెడు మట్టి తీసి చూపించాడు. పైన ఇటుకలా ఎండిన నేలలోంచి వచ్చిన ఆ మట్టి పిడికిట్లో ముద్దయ్యేంత చెమ్మగా, చల్లగా ఉంది. అందులో పాత కందిమోడు వేరు ముక్క ఒకటి ఉంది.

శెట్టి గట్టు దిగి వచ్చి, వంగి చూశాడు. "ఈ మాత్రం చెమ్మ మా ఇంటి గోడలోనూ ఉంటుంది" అన్నాడు.

"అయితే మీ గోడలో జొన్న వేసుకోండి" అంది ఎల్లక్క.

శెట్టి ముఖం మాడ్చుకున్నాడు. స్థవిరుడు శిష్యుడి చేతిలోని మట్టి వైపు చూడనైనా చూడలేదు.

"రెండోసారి చెబుతున్నాను. తవ్వు."

సిరిపాలుడు గురువు ముఖంలోకి చూశాడు. ఈ ముసలాయన కోసమే కదా ఇల్లు వదిలి వచ్చింది. ఈయన పాదాల దగ్గర కూర్చుంటే చాలనుకున్న రోజులున్నాయి. అవన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి.

"మీరు ఎన్నిసార్లు చెప్పినా తవ్వను."

"మూడోసారి చెబుతున్నాను. మూడోసారి అంటే ఏమిటో తెలుసుగా?"

తెలుసు. సంఘంలో ఏ మాటైనా మూడుసార్లే అడుగుతారు. మూడోసారి కూడా కాదన్నవాడి మీద సంఘం విచారణ పెడుతుంది. సిరిపాలుడు పార నేల మీద పెట్టాడు. పై చీవరం తీశాడు. కొసలు కలిపి జాగ్రత్తగా మడిచి, పార పక్కన పెట్టాడు.

"ఇది తీసేసుకోమంటే తీసేసుకోండి. నేను మళ్లీ నాగలి పట్టుకుంటాను, ఆ పని నాకు వచ్చు. పొట్ట నింపుకోవడం కోసం విత్తేవాడికి ఈ నేలను తవ్వే హక్కుంది. చచ్చిందని అబద్ధమాడి తవ్వే హక్కు ఎవరికీ లేదు. నాకు లేదు, ఆయనకు లేదు. మీకూ లేదు."

"విన్నారా భంతే, మీ ఎదుటే" అన్నాడు శెట్టి. అతని గొంతులో సంతోషం దాగలేదు.

"విన్నాను." స్థవిరుడు నడుం మీద చెయ్యి వేసుకుని వంగి చీవరం తీశాడు. దుమ్ము దులిపి, శిష్యుడి భుజం మీద కప్పాడు. అప్పుడు శెట్టి వైపు తిరిగాడు.

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ బతికే ఉందని తవ్వనన్నాడు. చీవరం పోతుందన్నా అదే మాటన్నాడు. సంఘం దగ్గర ఇంతకంటే సాక్ష్యం లేదు. ఈ చెక్కలో మట్టి తియ్యడానికి ఒప్పుకోం."

శెట్టి గొడుగు దించాడు. "పనికొచ్చే మట్టి ఇంకెక్కడి నుంచి తేవాలన్నా మూడు కోసుల దూరం. అలాగైతే స్తూపం నేను కట్టలేను."

"అయితే కట్టకండి."

"విహారంలో మిగతావాళ్లు ఏమంటారో అడిగారా?"

"వాళ్లు తిట్టుకుంటారు. నేను వింటాను."

శెట్టి గొడుగు తిప్పుకుని బండి ఎక్కాడు. ఎల్లక్క గట్టు దిగి వచ్చి స్థవిరుడి ముందు మోకరిల్లింది. తమ్ముడికి కూడా మొక్కబోతే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. సిరిపాలుడికి మాత్రం నవ్వు రాలేదు.

తిరుగు దారిలో పార స్థవిరుడి భుజాన ఉంది. శిష్యుడు అందుకోబోతే ఇవ్వలేదు. విహారం గోడ కనిపించాక సిరిపాలుడు ఆగి, బాట మీదే సాగిలపడ్డాడు.

"భంతే, పరాయివాళ్ల ముందు మీ మాట కాదన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకు శిక్ష వెయ్యండి."

స్థవిరుడు పార ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"తవ్వి ఉంటే వేసేవాణ్ణి" అని నడక సాగించాడు.