అప్పాయమ్మ చిలప

అనగా అనగా, కాలవలకింకా లాకులు కట్టని రోజుల్లో, ఏటిగట్టు దిగువన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ చేతిలో లేసు అల్లే కొక్కెం సూది లేని పూట ఉండేది కాదు. నోళ్ళు ఖాళీయేనా అంటే, అవీ ఖాళీ ఉండేవి కావు.

ఆ ఊళ్ళో అప్పాయమ్మ అని ఒక ముసలమ్మ. నా అన్నవాళ్ళు లేరు. ఊరందరి దారానికీ ఆమె పెరట్లోనే రంగు. దారం చుట్టల్ని, అదే చిలపల్ని, గంజి పోయేదాకా ఉడికించేది. కరక్కాయ నీళ్ళలో నానేసేది. పటిక పట్టించి, ఆపైన రంగు కుండలో ముంచేది. కూలి అడిగేది కాదు. ప్రతి కుండలోంచీ పిడికెడు దారం ఉంచుకునేది. ఆ దారాలతో రంగు పక్కన రంగు పెట్టి ఒక దుప్పటి అల్లుకుంటూ ఉండేది.

"నేను పోయాక ఇది కప్పి పంపండర్రా. మొగుడు పోయిన్నాటి నుంచీ తెల్లకోకే కట్టాను. వెళ్ళేటప్పుడైనా రంగుల్లో వెళ్తాను" అనేది.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. పెళ్ళిలో ఇద్దరి మధ్యా పట్టే తెరని పెళ్ళికూతురే అల్లాలి. ఎర్రగా, ఒకే రంగులో ఉండాలి. రంగు మారిందా, "రెండు రంగుల తెర, రెండు మనసుల కాపురం" అని మగపెళ్ళివారు లేచిపోయేవారు.

తల్లీతండ్రీ లేని నూకాలుకి సంబంధం కుదిరింది. దారానికి అప్పాయమ్మే రంగేసింది. ఏరువాక నుంచి మాఘం దాకా నూకాలు అల్లింది. పెళ్ళి ఇంకో వారం ఉందనగా ఏడుస్తూ వచ్చింది.

"అప్పాయత్తా, దారం అయిపోయింది. తెర జానెడు తక్కువ!"

"అదేంటే, సరిపడా వేశానుగా?" అంటూ అప్పాయమ్మ తన దారాల బుట్ట తిరగేసింది. అడుగున ఒక చిలప తెల్లగా పడి ఉంది. చూపు ఆనక దాన్ని కుండలో వెయ్యనేలేదు.

"తప్పు నాదే తల్లీ. నువ్వేడవకు, నేను చూస్తాను."

ఆ చిలపని మూడు పాయలు చేసింది. మొదటి పాయ ముంచింది. పాలిపోయి వచ్చింది. తెర పక్కన పెట్టి చూసి "ఇది కాదు" అంది.

రెండో పాయ ముంచింది. ముదిరిపోయి వచ్చింది. "ఇదీ కాదు" అంది.

మూడో పాయ ముంచింది. నీడలో చూస్తే అదే రంగు. ఎండలో పెడితే వేరే రంగు. "ఇదీ కాదు" అని కూలబడింది. ఒక కుండ రంగు ఇంకో కుండకు రాదని ఆమెకంటే ఎవరికి తెలుసు?

కాసేపటికి లేచి దుప్పటి తీసింది. నూకాలు దారానికి రంగేసిన కుండలోంచి తను ఉంచుకున్న పిడికెడు అందులో నడిమధ్యన ఉంది. అల్లికని మధ్యలోంచి తియ్యడానికి లేదు. చివర్నుంచి విప్పుకుంటూ రావాలి. పసుపు విప్పింది, నీలం విప్పింది, ఆకుపచ్చ విప్పింది.

నూకాలు చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా, నీ దుప్పటి!"

"పోయేదానికి తొందరేముందే? తొందరంతా నీ ముహూర్తానిది. చుట్టు, ఉండ చుట్టు."

ఆ పిడికెడు ఎర్రదారంతో జానెడూ పూర్తయి, తెర ఒకే రంగులో లేచింది. పెళ్ళి చక్కగా జరిగింది. అప్పాయమ్మ దుప్పటి మళ్ళీ అందుకుంది గానీ, పూర్తి చెయ్యలేకపోయింది. తొలకరికి ముందే పోయింది పాపం. కప్పితే మోకాళ్ళ దాకానే వచ్చింది.

నూకాలు పాడె పక్కనే కూర్చుని సూది తీసింది. ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు ఏ దారముంటే అది తెచ్చారు. ఒక రంగుకి ఒక రంగు కలవలేదు. ఏడుస్తూనే, పాదాలు మునిగేదాకా అల్లారు.

ఇప్పటికీ ఆ వైపు దారానికి రంగేసేవాళ్ళు కావలసినదానికి పైన ఒక చిలప ఎక్కువ ముంచుతారు. దాన్ని అప్పాయమ్మ చిలప అంటారు. దారం చాలక ఏ పిల్లయినా బెంబేలెత్తితే, "ఏడవకే, అప్పాయమ్మ చిలప ఉందిగా" అంటారు. అల్లిక పూర్తయి అది మిగిలిపోతే అమ్మరు. ఎవరూ లేని మనిషి పోయినప్పుడు, దానితో పాదాల మీదికి కప్పు అల్లి సాగనంపుతారు.